కూలోళ్లమా, కొడుకులమా

పక్షవాతం వచ్చాక నాన్నకు మొదటిసారి గడ్డం గీసింది నేనే. 2019 ఎండాకాలం. వరండాలో నవారు మంచం మీద దిండ్లు ఎత్తు పెట్టి కూర్చోబెట్టి, గిన్నెలో నీళ్లు, సబ్బు, కొత్త బ్లేడు పెట్టుకుని మొదలుపెట్టాను. అప్పటికి నాకు నలభై ఏళ్లు. అన్నేళ్లలో ఆయన బుగ్గ మీద చెయ్యి వేసిన జ్ఞాపకం లేదు. కుడివైపు మూతి కొంచెం జారింది. అక్కడ చర్మాన్ని వేలితో లాగి పట్టుకుంటే గానీ బ్లేడు ఆడదు. లాగి పట్టుకునేసరికి ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. తెగిందేమోనని చెయ్యి ఆపాను. తెగలేదు.

"ఇంక కూలికి కూడా పనికిరాన్రా" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది గానీ అర్థమైంది.

కొడుకు గడ్డం గీస్తుంటే తండ్రికి గుర్తొచ్చింది కూలి. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఈ వ్యాసం దాని గురించే.

నాన్న ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు బ్యారన్లు కాల్చే మనిషి. తెలియనివాళ్ల కోసం చెబుతాను. కోసిన పచ్చాకును కర్రలకు కట్టి బ్యారన్ అనే మూసిన కొట్టు లోపల వరసలు వరసలుగా వేలాడదీస్తారు. కింద పొయ్యి. ఐదారు రోజులు పగలూ రాత్రీ మంట ఆరకూడదు, పెరగకూడదు. ముందు ఆకు పచ్చదనం పోయి పసుపు తిరగాలి, తరువాత రెక్క ఆరాలి, చివరికి ఈనె ఎండాలి. ఒక్కో దశకు ఒక్కో వేడి. రాత్రి రెండు గంటలప్పుడు కునుకు పట్టిందంటే రైతు ఏడాది కష్టం నల్లబడిపోతుంది, లేదా బ్యారనే అంటుకుంటుంది. అందుకే నాన్నకు బైబిలు కీర్తనల్లో 121 అంటే ప్రాణం. "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు." ఆ వచనం చదివినప్పుడల్లా నవ్వి, "దేవుడు కూడా బ్యారన్ దగ్గరే పడుకుంటాడ్రా" అనేవాడు.

సీజన్ అయిపోతే ఏ పని దొరికితే ఆ పని. రేషన్ కార్డులో వృత్తి దగ్గర కూలి అనే రాశారు. ఆయనకు ఆ మాటంటే నామోషీ లేదు. ప్రార్థనలో కూడా అదే. "ప్రభువా, నీ కూలోణ్ణి" అని మొదలుపెట్టేవాడు. చిన్నప్పుడు నాకది గొప్ప వినయంలా అనిపించేది. ఇప్పుడు అందులో ఒక పెద్ద పొరపాటు కనిపిస్తోంది. ఆ పొరపాటు మా నాన్న ఒక్కడిది కాదు, గుళ్లో మగవాళ్ల వైపు కూర్చునే మా అందరిదీ.

తప్పిపోయిన కుమారుని కథ తెలియని క్రైస్తవుడు ఉండడు. ఆస్తి పంచుకుని పోయి, అంతా తగలేసి, పందుల పొట్టుకు ఆశపడే గతి పట్టాక వాడికి బుద్ధొస్తుంది. ఇంటికి వెళ్లి తండ్రితో ఏమనాలో దారిలోనే తయారు చేసుకుంటాడు. పాపం చేశాను, కొడుకునని అనిపించుకోవడానికి తగను, "నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము". లూకా సువార్త పదిహేనో అధ్యాయం తీసి చూడండి. వాడు ఇంటికొచ్చాక ఆ మాటలన్నీ అంటాడు, చివరి ముక్క తప్ప. కూలి మాట వాడి నోట్లోంచి రాకముందే తండ్రి పనివాళ్లను కేకేస్తాడు. వస్త్రం తెండి, ఉంగరం పెట్టండి, చెప్పులు తొడగండి. ఆ తండ్రి అన్నీ విన్నాడు, కూలి బేరం ఒక్కటి వినలేదు.

నేనా వచనాన్ని ఎన్నిసార్లు చదివానో. నాన్న మంచాన పడేదాకా ఆ ఖాళీ నా కంటపడలేదు. మేం కూలోళ్ల ఇళ్లలో పుట్టినవాళ్లం కదా, మా కళ్లు కూలి దగ్గరే ఆగిపోతాయి. పని చేస్తే తిండి, చేయకపోతే పస్తు. మాకు తెలిసిన లెక్క అదొక్కటే. ఆ లెక్కనే చంకనెత్తుకుని దేవుడి ఇంటికి కూడా వెళ్లాం. ఆయన కొడుకులుగా రమ్మన్నాడు, మేం మస్టరు వేయించుకోవడానికి వెళ్లాం.

చదువుకుని, పట్నం చేరి, ఏసీ గదిలో కూర్చుని పనిచేసే మా తరానికి ఈ రోగం లేదనుకుంటున్నారా? ఇంకా ముదిరింది. నాన్నకు కనీసం ఆకు ఎండాక మంట ఆర్పే రోజొకటి ఉండేది. మాకు అదీ లేదు. పెళ్లిచూపుల్లో ప్యాకేజీ, బంధువుల్లో ఫ్లాటు, ఆఫీసులో అప్రైజల్. పోనీ గుళ్లో అయినా ఈ తూకం ఆగుతుందా అంటే, అక్కడ ఇంకో తక్కెడ సిద్ధంగా ఉంటుంది. దశమభాగం ఎంత, ఉపవాస ప్రార్థనకు ఎన్ని శుక్రవారాలు వచ్చాడు, సంఘ పెద్దగా ఎప్పుడు ఎన్నుకున్నారు. ఎవరికైనా సాక్ష్యం చెప్పడానికి మైకిస్తే వినండి. మగవాళ్ల సాక్ష్యం తొంభై పాళ్లు ఒకే దారిలో నడుస్తుంది. ఒకప్పుడు తాగేవాణ్ణి, ప్రభువు ముట్టాడు, ఇప్పుడు సొంతిల్లు, కారు, పిల్లాడు అమెరికాలో. అందరూ హల్లెలూయ అంటారు. పాస్‌పోర్టులు బల్ల మీద పెట్టి ప్రార్థన చేయించుకున్న కుర్రాళ్లలో వీసా వచ్చినవాడు మైకు దగ్గరకొస్తాడు. రానివాడు ఆ ఆదివారం నుంచి బయట వేపచెట్టు కింద బండి స్టాండు వేసి కూర్చుంటాడు. వాడికీ దేవుడి ప్రేమ ఉందని వాడికెవరు చెప్పాలి? మైకు వాడి దాకా పోదు.

మా ఊరి గుళ్లో ఆడవాళ్ల వైపు చాపలు నిండిపోయేవి, మగవాళ్ల వైపు సగం ఖాళీ. ఇప్పుడు చాపల బదులు ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి, ఖాళీ మాత్రం అలాగే ఉంది. మగవాళ్లకు భక్తి తక్కువని అమ్మగార్లు నవ్వుతుంటారు. భక్తి కాదు తక్కువైంది. పని పోయిన ఆడమనిషి గుడికి వచ్చి పక్కావిడ ఒళ్లో తల పెట్టి ఏడవగలదు. పని పోయిన మగాడు ఎవరి ఒళ్లో పెడతాడు? "ఏం బ్రదర్, ఏం చేస్తున్నారిప్పుడు?" అనే ప్రశ్నకు జవాబు లేనివాడు అసలు గేటు దాటి లోపలికి రాడు.

ఇది నా ఇంటి గోల మాత్రమే కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశంలో ప్రాణం తీసుకున్నవాళ్లు 1,70,924 మంది. వాళ్లలో మగవాళ్లు 1,22,724 మంది. మొత్తంలో నాలుగో వంతుకు పైగా రోజుకూలీలు. వాళ్లందరి కారణాలూ ఒకటేనని నేననను, ఆ అంకెతో ప్రసంగం కట్టడం నాకిష్టం లేదు. కానీ ఆ లెక్క చదివిన రోజు నాకు వినపడింది మా వరండాలో మాటే. ఇంక కూలికి కూడా పనికిరాన్రా.

కొంతమంది ప్రసంగీకులు దీనికి మందుగా "క్రీస్తులో మన ఐడెంటిటీ" అంటారు. ఆ ఇంగ్లిష్ మాటే వాడతారు, తెలుగు చెయ్యరు. ఎందుకా అని ఆలోచించాను. మన వాడుకలో గుర్తింపు అంటే ఒకరు ఇచ్చేది. గుర్తింపు కార్డు ఆఫీసు ఇస్తుంది, ఆయనకు సమాజంలో మంచి గుర్తింపు ఉందంటాం. అంటే నువ్వెవరో నీకు పక్కవాడు చెప్పాలి. నిజానికి ఈ తెలుగు మాటే బైబిలుకు దగ్గరగా ఉంది. మనమెవరమో మన లోపల తవ్వి తీసుకునేది కాదు, ఇంకొకరు పిలిస్తే తెలిసేది. ప్రశ్నల్లా ఎవరు పిలుస్తున్నారన్నదే.

మమ్మల్ని చాలామందే పిలిచారు. మా ముత్తాతల్ని ఊళ్లో ఏ పేరుతో పిలిచేవాళ్లో ఇక్కడ రాయాల్సిన పని లేదు, చదివేవాళ్లకు తెలుసు. 1876 నాటి ధాత కరువులో ఒంగోలు ప్రాంతం మాడిపోయింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పనీ కూలీ ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మమిమ్మని వచ్చినవాళ్లను ఆపేశాడు. కూలి కోసం వస్తున్నారో, దేవుడి కోసం వస్తున్నారో తేలదని ఆయన భయం. పని ముగిసింది, ఇవ్వడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు. అప్పుడూ జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ ఇచ్చారట.

మా వాళ్లు ఆ అంకెను గర్వంగా చెప్పుకుంటారు. పెద్ద అంకె కాబట్టి. నాకు నచ్చేది వేరే. గుంపుగా వచ్చినా ఒక్కొక్కరుగానే మునిగారు. ఆ మనుషుల మీద అప్పటిదాకా చెయ్యి వేయడానికి ఊరు ఒప్పుకోలేదు. నీళ్లలో నిలబడ్డ బోధకుడు వీపు కింద చెయ్యి పెట్టి పట్టుకుని ముంచి, లేపాడు. కాలువ దగ్గర వాళ్లు కూలోళ్లు. అక్కడ తట్టకింతని లెక్క ఉంది. ఏటి దగ్గర ఏ లెక్కా లేదు. మా సంఘాల పునాది నిజానికి ఆ తేడా మీద పడింది. నూటాభై ఏళ్లు తిరగకుండానే మేం మళ్లీ కాలువ దగ్గరికే వచ్చి తట్టలు లెక్కపెట్టుకుంటున్నాం.

ఇక్కడ ఒక పక్కమాట. నాన్నకు రెండు పేర్లు. రేషన్ కార్డులో ఒకటి, బాప్తిస్మపు రిజిస్టరులో ఒకటి. మా దగ్గర ఇది వింతేమీ కాదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ముందు హిందువులకే వర్తించింది, 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. బాప్తిస్మం తీసుకున్నానని చెప్పిన దళితుడు ఆంధ్రలో బీసీ-సి కిందికి వస్తాడు. ఆ గ్రూపుకున్న రిజర్వేషను ఒక్క శాతం. కులం బాధలు మాత్రం నూటికి నూరు శాతం అలాగే ఉంటాయి. అందుకే ఒకే మనిషి ఎమ్మార్వో ఆఫీసులో ఒక పేరుతో, గుళ్లో ఒక పేరుతో బతుకుతాడు. దీన్ని పట్టుకుని మోసం అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆకలి, చదువు, దేవుడు అనే మూడింటి మధ్య ఇరుక్కున్నవాడి అవస్థ అది. కానీ ఆ రెండు పేర్ల మనిషికి లోపల ఏమవుతుందో కూడా చెప్పాలి. ఎవరు ఏ పేరుతో పిలుస్తారోనని జీవితమంతా ఒక చెవి వేసి ఉంచుతాడు. అలాంటివాడికి "దేవుడు నిన్ను పేరు పెట్టి పిలిచాడు" అని గోడ మీద క్యాలెండరు చెబితే, ఏ పేరు పెట్టి అని అడగాలనిపిస్తుంది.

నేను నమ్మే జవాబు యేసు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నది ఒడ్డున ఉంది. "ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను" అని ఆకాశంలోంచి మాట వచ్చేనాటికి యేసు ఏం చేశాడు? ఒక్క కుష్ఠురోగినీ బాగుచేయలేదు. ఒక్క ప్రసంగం లేదు. ముప్పై ఏళ్లు నజరేతులో ఉన్నాడు, అంతే. తండ్రి ఆనందం పనికి ముందే వచ్చింది, పనికి ప్రతిఫలంగా రాలేదు. మత్తయి సువార్తలో వెంటనే తరువాతి అధ్యాయంలో శోధకుడు, అంటే సాతాను, ఏమంటాడో చూడండి. "నీవు దేవుని కుమారుడవైతే ఈ రాళ్లు రొట్టెలగునట్లు ఆజ్ఞాపించుము." అంటే, కొడుకువైతే ఏదో ఒకటి చేసి చూపించు. మగవాణ్ణి పడగొట్టడానికి ఇంతకన్నా పాత మాట లేదు. మగాడివైతే చూపించు. మా ఇళ్లలో, ఆఫీసుల్లో, గుళ్లలో రోజూ వినపడే గొంతు అది. యేసు చూపించలేదు. చూపించాల్సిన అవసరం ఆయనకు లేదు, నలభై రోజుల కిందటే ఆయన విన్న మాట ఆయనకు చాలింది.

ఆ మాట మనకు మన నాన్నలు చెప్పారా? మా నాన్న నా ముందు ఎప్పుడూ చెప్పలేదు. టీ కొట్టు దగ్గర మాత్రం మావాడు ఫస్టు క్లాసని ఊరందరికీ చెప్పేవాడట. ఆయన మంచాన పడ్డాక పరామర్శకు వచ్చిన వాళ్లంతా నాకు ఆ సంగతి చెప్పారు. తెలుగు నాన్నల ప్రేమ ఎప్పుడూ చుట్టుదారినే వస్తుంది. నేను బాగున్నానా? పోయినేడు మా అబ్బాయికి ఈఏపీసెట్‌లో ర్యాంకు సరిగ్గా రాలేదు. "బాగా నిలబెట్టావురా నా పేరు" అన్నాను. వాడు అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఆపేశాడు. చేతివేళ్లకు పప్పు ఆరిపోయేదాకా కదల్లేదు. ఆ ముందు ఆదివారమే నేను పురుషుల కూడికలో యొర్దాను మీద వాక్యం చెప్పి వచ్చాను. మంచి పాయింట్లని మెచ్చుకున్నారు కూడా.

ఈ మధ్య మరో ధోరణి బయల్దేరింది. మగవాళ్ల కూడికల్లో సింహం బొమ్మ, కత్తి బొమ్మ, "ఇంటికి యజమానివి నువ్వే" అనే పాఠం. వీళ్లు తరచూ ఎత్తే వచనం ఒకటి కొరింథీయుల మొదటి పత్రిక పదహారో అధ్యాయంలో ఉంది. "పౌరుషముగలవారై యుండుడి, బలవంతులై యుండుడి." అబ్బో, ఆమెన్లు మారుమోగిపోతాయి. తరువాతి వచనం చదివినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. "మీరు చేయు కార్యములన్నియు ప్రేమతో చేయుడి." ఆ పత్రిక రాసిన పౌలుకు ఆ రెండూ ఒకే ఊపిరి. మనకేమో పౌరుషం అనగానే మీసం, మాట పడకపోవడం. పెళ్లాం ముందు తగ్గకపోవడం కూడా అందులోకే వస్తుంది. ప్రేమ దొరకనివాడికే అంత పౌరుషం కావాలి. లోపల కొడుకుననే నమ్మకం ఉన్నవాడికి యజమాని వేషం బరువనిపిస్తుంది.

ఇక్కడ ఒకాయన అడ్డుపడతాడని నాకు తెలుసు. ఎందుకంటే మా సంఘంలో నిజంగానే అడ్డుపడ్డాడు. "ఏం చేసినా దేవుడు ప్రేమిస్తాడని చెబితే మగాళ్లు ఇంకా చెడిపోరా? ఇప్పటికే తాగొచ్చి కొట్టి, ఆదివారం ఏడ్చి సాక్ష్యం చెబుతున్నారు." ఆయన మాటలో న్యాయం ఉంది. అలాంటివాణ్ణి నేనూ ఎరుగుదును. ఏడాదికి రెండుసార్లు రక్షణ పొందుతాడు. ముందు వరసలో వాడు మోకాళ్లేస్తుంటే, వెనక చాప మీద వాడి భార్య కొంగు లాక్కుని మోచేతి మీద మచ్చ కప్పుకుంటుంది. వాడికి దేవుడి ప్రేమ చెబుతావా అంటే, చెబుతాను. కానీ వాడు పొందుతున్నది ప్రేమ కాదు. వాడూ కూలోడే. కన్నీళ్లు కూలిగా ఇచ్చి క్షమాపణ పట్టుకుపోతున్నాడు. కొడుకనేవాడు తండ్రి ఇంట్లో ఉంటాడు, ఆ ఇంట్లో ఉన్నవాళ్లందరి మధ్యా ఉంటాడు. అందుకని మగవాడి సాక్ష్యం వాడి చేత కాదు, వాడి భార్య చేత చెప్పించాలని నా అభిప్రాయం. ఆమె చెప్పనంటే ఆ వారం సాక్ష్యం లేదు. ఇది పాస్టరు గారికి చెప్పాను. నవ్వి ఊరుకున్నారు.

లూకా కథలో మనమెక్కువ పట్టించుకోని కూలోడు ఇంకొకడున్నాడు, పెద్దకొడుకు. పొలంలోంచి వచ్చి గుమ్మం బయటే నిలబడతాడు. "యిన్నియేండ్లనుండి నిన్ను సేవించుచున్నాను" అంటాడు, ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అంటాడు. ఇంట్లోనే ఉన్నాడు, ఏళ్ల తరబడి మస్టరు రాసుకున్నాడు. ఆ గుమ్మం బయట నేను చాలా ఏళ్లు నిలబడ్డాను. "కుమారుడా, నీవెల్లప్పుడును నాతో కూడ ఉన్నావు, నావన్నియు నీవి" అని తండ్రి బయటికి వచ్చి మరీ బతిమాలుతాడు. మన తెలుగులో తగాదా వస్తే "నీ అబ్బ సొమ్మా?" అంటాం చూడండి. అబ్బ అంటే పాత తెలుగులో తండ్రే. రోమా పత్రికలో "అబ్బా తండ్రీ" అని చదివినప్పుడల్లా నాకా తిట్టు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఔను మరి, అబ్బ సొమ్మే. తండ్రి చెబుతున్నదీ అదే కదా.

నాన్న సంగతికి వస్తాను. పక్షవాతం తరువాత ఆయన గుడికి రానన్నాడు. వీల్‌చైర్ తెచ్చాం, రానన్నాడు. కానుక కుడిచేత్తో వేయలేను, నిలబడి పాడలేను, ఎందుకు రావడం అన్నాడు. స్నానం చేయించబోతే నా చెయ్యి తోసేసేవాడు. "నీచేత చేయించుకోవాలా?" యేసు కాళ్లు కడగబోతే శిష్యుడు పేతురు కూడా ఇంతే. "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నాడు. మగవాడికి ప్రేమించడం కష్టమంటారు. నేను చూసినంతలో అంతకన్నా కష్టం ప్రేమ చేయించుకోవడం. ఒంటి మీద నీళ్లు పోయించుకోవడం, తుడిపించుకోవడం, బదులుగా ఏమీ ఇవ్వకుండా పడి ఉండటం. కాళ్లు కడగబోయే ముందు యేసు తాను ఎక్కడినుంచి వచ్చాడో, ఎక్కడికి వెళ్తున్నాడో ఎరిగి లేచాడని యోహాను రాస్తాడు. ఎరిగినవాడు తువ్వాలు కట్టుకున్నాడు. ఎరగనివాడు కాళ్లు లాక్కున్నాడు.

నెలలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం పాస్టరు గారు బల్ల, అంటే ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం, తీసుకుని ఇంటికే వచ్చారు. నాన్న అలవాటుగా కుడిచెయ్యి ఎత్తబోయాడు, లేవలేదు. ఎడమచెయ్యి సగం చాచి వెనక్కి తీసుకున్నాడు. ఎడంచేత్తో తీసుకోవడమేమిటని సిగ్గు. పాస్టరు గారు ఒక్క క్షణం చూసి, "నోరు తెరవండి పెద్దాయనా" అన్నారు. ఆ మనిషి డెబ్బై ఏళ్ల వయసులో పిల్లాడిలా నోరు తెరిచాడు. రొట్టె ముక్క నాలుక మీద పెట్టారు. ద్రాక్షరసం కుడివైపు నుంచి కారితే అమ్మ కొంగుతో తుడిచింది. ఆయన తల తిప్పేసుకోలేదు. ఆ తరువాతి వారం నుంచి స్నానానికి నా చెయ్యి తోసెయ్యడం మానేశాడు. దాన్ని మారుమనస్సు అంటారో అనరో నాకు తెలీదు.

చివరి రోజుల్లో రాత్రిళ్లు ఆయన మంచం పక్కన నేనే పడుకునేవాణ్ణి. ఆయనకు నిద్ర పట్టేది కాదు, బ్యారన్ల అలవాటు. ఫోన్ వెలుతురులో కీర్తనలు చదివేవాణ్ణి. ఒక రాత్రి 121 అయ్యాక ఆపకుండా 127 దాకా వచ్చేశాను. వేకువనే లేచి, చాలా రాత్రయ్యాక పడుకుని, కష్టార్జితమైన ఆహారం తినడం వ్యర్థమే అని ఉంటుంది అక్కడ. "తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు."

"మళ్లీ చదువు" అన్నాడు. చదివాను. ఏమీ అనలేదు.

తెల్లవారుజామున ఉలిక్కిపడి లేచి, మగతలోనే "మంట చూశావంట్రా?" అని అడిగాడు.

"చూశాను నాన్నా. నువ్వు పడుకో."

పడుకున్నాడు.